ఆవగింజంత ముఖం

పోయిన వారం బొంరాస్‌పేట నుంచి ఒక యువకుడు మా ఫోటో దుకాణానికి వచ్చాడు. వికారాబాద్‌లో కొత్తగా టీ హోటల్ పెడుతున్నాడట, గోడల నిండా పాతకాలపు బొమ్మలు వేలాడదీయాలని ముచ్చట. ప్లాస్టిక్ కవరులోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లదొరల కాలంలో అచ్చయిన కార్డు, బొంబాయిలోని ఏదో వీధి. కవరు విప్పగానే తడిసి ఆరిన అట్ట వాసన, పాత జిగురు వాసన, వాటి వెనక సన్నగా బట్టల పెట్టెలో వేసే డాంబర్ గోళీల వాసన. నా చెయ్యి దానంతటదే భూతద్దం కోసం సొరుగులోకి వెళ్లింది. "మేడం, ఫోన్ల యాప్ ఉన్నది. నిమిషంల మొహాలన్ని క్లియర్ జేస్తది. మీరు పెద్దగ ప్రింట్ తీసిస్తె చాలు" అన్నాడతను. "రేపు రా తమ్మీ, జర చూడాలె" అన్నాను. చూడడానికి ఇందులో ఏముందన్నట్టు నా వంక చూసి వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. అరచేతంత అట్టముక్కను చూడడానికి మూడు రోజులు పట్టవచ్చని ఒకప్పుడు నాకూ తెలియదు. ఆ సంగతి నాకు నేర్పిన మనిషి తాండూరు లతీఫ్ సాబ్.

తాండూరులో స్టేషనుకు వెళ్లే దారిలో ఉండేది ఆయన స్టూడియో. పైన రేకులు, కింద నాపరాళ్లు. బండల పాలిషింగ్ దుమ్ము ఎంత తుడిచినా గంటలో మళ్లీ వచ్చి కెమెరాల మీద కూర్చునేది. నేను చేరేనాటికి ఆయనకు అరవై దాటాయి. సన్నగా, పొడుగ్గా, పడిపోయిన సూదిని వెతుక్కుంటున్నట్టు మెడ ముందుకు చాచి నడిచేవారు. కలర్ ఫోటోలు రాకముందు నలుపు తెలుపు పెళ్లి ఫోటోలకు చేత్తో రంగులు అద్దడం ఆయన పని. పుల్లకు దూది చుట్టి పెళ్లికూతురి బుగ్గలకు, సన్న కుంచెతో చీర అంచుకు రంగు వేసేవారు. ఆ పని ఎప్పుడో పోయింది. చివరికి కంప్యూటర్ కొనక తప్పలేదు, దాన్ని నడపడానికి నన్ను పెట్టుకోకా తప్పలేదు. నాది మర్పల్లి. డిగ్రీ అయ్యాక వికారాబాద్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ పొద్దున ప్యాసింజర్‌కు తాండూరు వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చేదాన్ని. మూడు నెలల కోర్సు చేసి, ఈ జిల్లాలో కంప్యూటర్ తెలిసింది నా ఒక్కదానికే అనుకునే రోజులవి.

మొదటి రోజు ఆయన ఒక పెళ్లి గ్రూపు ఫోటో నా చేతికిచ్చి, "ఎంతమంది ఉన్నరో జెప్పు బిడ్డా" అన్నారు. లెక్కపెట్టి ఇరవై రెండు మంది అన్నాను. ఇంకోసారి చూడమన్నారు. మళ్లీ ఇరవై రెండే. అప్పుడాయన ఒక నల్లటి అట్టముక్క తీశారు. దాని నడుమ శనగగింజంత చిల్లు ఉంది. అట్టను ఫోటో మీద పెట్టి, ఎడమ నుంచి కొంచెం కొంచెంగా జరుపుతూ, చిల్లులోంచి కనబడింది మాత్రమే పైకి చెప్పమన్నారు. విసుక్కుంటూనే మొదలుపెట్టాను. చెవి, కమ్మ, చొక్కా కాలర్, గోడ, మళ్లీ చెవి. సగం దూరం పోయాక ఒకాయన భుజం మీద ఒక చెయ్యి కనబడింది. అట్టను అటూ ఇటూ జరిపి చూశాను, ఆ చెయ్యి చుట్టుపక్కల ఎవరిదీ కాదు. వెనక స్తంభం చాటు నుంచి వచ్చింది. "ఇరవై మూడు" అన్నాను. లతీఫ్ సాబ్ కళ్లు మెరిశాయి. "పెండ్లికూతురు మేనమామ. కట్నం కాడ అలిగి ఫోటో దిగనన్నడు. గని చెయ్యి మాత్రం ఏసిండు" అని నవ్వారు.

ఆ పనికి ఒక్కటే నియమం. చిల్లులోంచి చూసేటప్పుడు "అయి ఉంటుంది" అనకూడదు. కనబడితే చెప్పాలి, కనబడకపోతే "తెల్వదు" అనాలి. నాకేమో ఆ మాట అనడం మహా నామోషీ. బళ్లో అయినా ఇంట్లో అయినా తెలియదన్న ప్రతిసారీ తిట్లు తిన్నదాన్ని. అందుకని ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. ఆయన కోప్పడేవారు కాదు. అట్టను వెనక్కి జరిపి, "మల్ల చూడు" అనేవారు, అంతే. నిజానికి అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాసకు ఇంకా మూడు వారాలుందనగా, రత్నమ్మగారు వచ్చారు. ఊళ్లో పప్పు మిల్లు వాళ్ల ఇంటి పెద్దావిడ. డెబ్బై ఏళ్లుంటాయి. పదేళ్ల మనవరాలి భుజం మీద చెయ్యి వేసి మెట్లు ఎక్కారు. కళ్లకు నీటికాసులు, ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది కూడా ఎక్కువ కాలం నిలవదని హైదరాబాద్ డాక్టరు చెప్పాడట. చీర కొంగు ముడి విప్పి, బట్టలో చుట్టిన ఒక పోస్టుకార్డు తీశారు. సికింద్రాబాదులో ఒక బజారు వీధి అని కింద ఇంగ్లీషులో అచ్చు. రెండు వైపులా దుకాణాలు, ఒక టాంగా, తోలుసంచితో నీళ్లు చల్లుతున్న మనిషి, దొరల టోపీ పెట్టుకున్న ఒక సిపాయి వీపు. కుడివైపు ఇత్తడి సామాన్ల దుకాణం అరుగు మీద ఆకుపచ్చ లంగాలో ఒక పిల్ల.

"నన్ను కన్న తెల్లారి మా అమ్మ పోయింది లతీఫ్ భాయ్" అన్నారు రత్నమ్మగారు, కూర్చోకుండానే. "నా పెండ్లి నాడు మా మేనమామ గీ కార్డు నా చేతుల పెట్టి, అరుగు మీద కూసున్న గీ పిల్లనే మీ అమ్మ అన్నడు. గా దుకాణం మా తాతది. దొర మూడు కాళ్ల డబ్బా తెచ్చి పటం దీస్తుంటె పిల్లలందరు బుగులువట్టి ఉరికిన్రంట. మా అమ్మ ఒక్కతె ఉన్నకాన్నే ఉన్నదంట. పెత్రమాస నాడు మా అత్త, మామ, మా ఇంటాయన, అందరి పటాలకు దండలేస్త. మా అమ్మ పేరు మీద పిడికెడు బియ్యం వట్టి గోడ ముందట పెడ్త. కండ్లు పోకముందు ఒక్కపారి మా అమ్మ మొహం చూడాలె. పెద్దగ జేసియ్యి."

లతీఫ్ సాబ్ కార్డును వెలుగులోకి పట్టుకున్నారు. ఆ పిల్ల ముఖం ఆవగింజంత ఉంది. "చూస్తం అక్కా. పది దినాలకు రా" అన్నారు. చేస్తాం అనలేదు. ఆ తేడా నాకప్పుడు పట్టలేదు.

ఆ తర్వాత మూడు రోజులు స్టూడియోలో వేరే పని జరగలేదు. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్లు కూడా కాసేపు నిలబడి కార్డు చూసి వెళ్లేవారు. నేను దాన్ని స్కాన్ చేసి పెద్దగా చేస్తుంటే ఆయన తెరకు ముక్కు ఆనించి కూర్చునేవారు. "అబ్బా, చూడు బిడ్డా, గీ కుక్కకు రెండు తలలున్నయ్" అన్నారు ఒకసారి. నిజమే, ఉన్నాయి. కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపట్లో కుక్క తల తిప్పింది, రెండు వైపులా అచ్చుపడింది. టాంగా చక్రం కదిలి మసకబారింది, నీళ్లు చల్లే మనిషి చెయ్యి పొగలా ఉంది. నీడలన్నీ కాళ్ల కిందే పొట్టిగా ఉన్నాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం. మరి మధ్యాహ్నం వేళ ఆకాశం గులాబీ రంగులో ఎందుకుంది? ఆ ప్రశ్నకు ఒకప్పుడు రంగులద్దిన లతీఫ్ సాబ్ దగ్గరే జవాబు ఉంది. "రంగులు ఫోటోల రాలే. అచ్చేసేటప్పుడు సముద్రం అవతల ఎవడో కూసొని ఏసిండు. వాడు సికింద్రాబాద్ చూడలె, మన ఆకాశం చూడలె. నేనేం తక్కువనా? ఎన్ని తెల్ల చీరలను ఎర్రగ జేసిన" అన్నారు. చూస్తే పిల్ల లంగా పచ్చదనం అంచు దాటి అరుగు రాతి మీదికి కూడా పాకింది. ఆ పచ్చ నిజం కాదన్నమాట. ఇంటికి పోయేటప్పుడు బండి ధారూరు దాటేదాకా దాని గురించే ఆలోచించాను. ఒక బొమ్మలో ఏది ఉన్నది, ఏది తర్వాత పెట్టింది అని అంతకుముందు నాకెన్నడూ అనుమానమే రాలేదు.

మూడో రోజు ముఖం దగ్గరికి వచ్చాం. పెద్దగా చేసేకొద్దీ ముఖం మాయమైంది. అది ఫోటో కాదు, అచ్చు. అంతా చుక్కలే. కళ్లు, ముక్కు, నోరు అన్నీ కలిపి పట్టుమని పాతిక చుక్కలు కూడా లేవు. లతీఫ్ సాబ్ చిల్లు అట్ట తెర మీద పెట్టి చాలాసేపు చూసి, "తెల్వదు" అన్నారు. అనేసి నమాజుకు వెళ్లిపోయారు.

నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఆ ముసలావిడ పోయే కళ్లతో గోడ వంక చూడడం తలుచుకుంటే జాలేసేది. నిజం చెప్పాలంటే నా ప్రతాపం చూపించాలన్న ఉబలాటం అంతకంటే ఎక్కువ. రత్నమ్మగారి మనవరాలి ఫోటో ఒకటి స్టూడియోలోనే ఉంది, బడి గుర్తింపు కార్డు కోసం మేమే తీసింది. ముత్తవ్వకు మునిమనవరాలి పోలిక ఉండదా? ఆ ముఖం తీసి, జడ మార్చి, ముక్కుకు పుడక పెట్టి, కాస్త మసక చేసి, ఆ పాతిక చుక్కల మీద కూర్చోబెట్టాను. రెండు రోజులు పట్టింది. అచ్చం పాత ఫోటోలాగే వచ్చింది. చూసుకుని నాకే కళ్లు చెమర్చాయి.

లతీఫ్ సాబ్‌ను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "మస్తు జేసినవ్ బిడ్డా. నేను గూడ ఇంత మంచిగ చెయ్యలేకపోతుంటి" అన్నారు. నేను పొంగిపోయాను. ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "నేను గూడ చేసిన ఒకపారి. కుంచెతోని" అని మొదలుపెట్టారు.

చాలా ఏళ్ల కిందట దౌల్తాబాద్ వైపు నుంచి ఒక ఆడమనిషి వచ్చిందట. భర్త బండల గనిలో పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. మరిది ఫోటో తెచ్చి, అచ్చం ఇట్లాగే ఉంటాడు గానీ మీసం దట్టం, కనుబొమ్మ మీద గాటు అని చెప్పింది. ఆయన ఆమె చెప్పినట్టల్లా గీశారు. ఆమె ఏడ్చి, దండం పెట్టి తీసుకుపోయింది. ఆ రోజు ఆయన అన్నం కూడా మరిచి సంబరపడ్డారట. పన్నెండేళ్ల తర్వాత పాత నెగెటివ్‌లు సర్దుతుంటే ఎవరిదో పెళ్లి గుంపులో కనుబొమ్మ మీద గాటున్న మనిషి కనిపించాడు. తీరా ఆరా తీస్తే అతనే. ఆయన ఉరుకులు పరుగుల మీద ప్రింటు వేసి, వాళ్ల ఊరికి పోయి ఇచ్చారు.

"ఆమె బిడ్డ పెద్దగైంది. చూసి, గీయన ఎవరు అన్నది. చిన్నప్పుడే నాయన పాయె గద, దానికెట్ల తెలుస్తది. వాళ్ల అమ్మకు ఇచ్చిన. ఆమె చానాసేపు చూసింది. చూసి ఏమన్నది ఎరికేనా? భాయ్, నాకు గూడ గోడ మీదాయనే యాదికొస్తుండు, గీయన యాదికొస్తలేడు అన్నది." లతీఫ్ సాబ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆమె మొగణ్ణి నేను మార్చిన బిడ్డా. ఇద్దరు పిల్లల్ని గన్న మనిషి మొహం ఆమె తలకాయలకెల్లి తీసేసిన. ఎవ్వలు నన్ను ఒక్క మాట అనలె."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "రత్నమ్మక్కకు తలకాయల ఏ మొహం లేదు. నువ్వేది పెడితె గదే ఉంటది, సచ్చెదాక. ఇస్తవా వద్దా నువ్వే జెప్పు. నీ చేతి పని" అని లేచిపోయారు. తీసెయ్యమని ఆజ్ఞాపిస్తే ఆయన మీద కోపం తెచ్చుకుని బతికిపోయేదాన్ని. మిగిలిన రోజులన్నీ నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇవ్వకపోతే ఆవిడ చూపు ఉత్తిదానికే పోతుంది. ఇస్తే ఆవిడ మొక్కేది నా పనితనానికి. చెరిపెయ్యబోయి చెయ్యి రాక, ఫైలు అలాగే ఉంచాను.

పదో రోజు రత్నమ్మగారు తల స్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చారు. ఆ చీర చూసి, కూర్చోమని కూడా అనలేకపోయాను. "మొహం లేదవ్వా" అన్నాను. చుక్కల సంగతి ఏదో వివరించబోయాను.

"గింత పెద్ద మిషిన్ పెట్టుకొని మొహం లేదంటవేంది? పది దినాలు ఏం జేసిన్రు?" అన్నారావిడ.  ఇంతలో మనవరాలు కంప్యూటర్ తెర వంక వేలు చూపించి, "నానమ్మా, గండ్ల నా మొహం ఉన్నది" అంది. పొద్దున ఆ ఫైలు మళ్లీ తెరిచి చూసుకుని మూయడం మరిచాను. ఇక దాచేదేముంది? మీ మనవరాలి ముఖం తెచ్చి అతికించానని, అది మీ అమ్మ కాదని, తల వంచుకుని చెప్పేశాను.

రత్నమ్మగారు తెర దగ్గరికి వెళ్లలేదు. మనవరాలి తల నిమురుతూ నిలబడ్డారు. "దీన్ని ఇంట్ల రోజు చూస్తనే ఉన్న. తీసెయ్యి" అన్నారు. ఆవిడ ఎదుటే చెరిపేశాను. ఆవిడ కొంగు సర్దుకుని బయలుదేరబోతుంటే లతీఫ్ సాబ్ కుర్చీ జరిపి, "అక్కా, మొహం మాకు దొరకలె. దొరికినయి చానా ఉన్నయి. జర కూసో" అన్నారు.

ఆ కార్డును ఆయన అంతకుముందే నా చేత ముక్కలు ముక్కలుగా, ఒక్కోటి దినపత్రిక అంత ప్రింటు తీయించారు. అవన్నీ ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఒక్కో ప్రింటు వెలుగులో పెట్టి, ఎడమ నుంచి మొదలుపెట్టి, కనబడింది ఆవిడ చేతనే చెప్పించారు. ఆవిడ కాగితానికి ముఖం ఆనించి చూసేవారు. టాంగా, తిరుగుతున్న చక్రం, రెండు తలల కుక్క. కుక్క దగ్గర ఆవిడ నవ్వారు. గులాబీ ఆకాశాన్ని నమ్మొద్దన్నారు లతీఫ్ సాబ్, లంగా పచ్చదనాన్ని నమ్మొద్దన్నారు. చివరికి అరుగు వచ్చింది. "చూడక్కా. గీ బజార్ల అందరు కదిలిన్రు, అందరు మసక. గీ పిల్ల ఒక్కతె కదలలె. తలకాయ దొర డబ్బా దిక్కే తిరిగి ఉన్నది. మీ మేనమామ చెప్పింది నిజమే. చేతిల ఏందో ఉన్నది, అది తెల్వదు. ఒక కాలు కిందికి ఏలాడుతున్నది. ఇంకో కాలు మడిచి కింద ఏసుకున్నది."

రత్నమ్మగారు తల ఎత్తలేదు. కాగితం మీద ఆ కాలిని వేలితో తడుముతూ, "నేను గిట్లనే కూసుంట" అన్నారు. అప్పుడు చూశాం. కుర్చీలో ఒక కాలు మడిచి వేసుకుని, ఒక కాలు వేలాడేసి కూర్చున్నారు. "ఆడిది గిట్ల కూసుంటదా అని మా అత్త సచ్చెదాక తిట్టింది. నాకెవ్వలు నేర్పలె." ఆ మాటతో ఏడుపు వచ్చేసింది ఆవిడకు, నాకు కూడా. లతీఫ్ సాబ్ మాత్రం ఏడవలేదు, గొప్ప రుజువు దొరికిందనీ అనలేదు. "చానామంది గట్ల కూసుంటరు అక్కా" అన్నారు మెల్లగా. "కూసుంటరు గని, నాకు గిది చాలు" అన్నారావిడ. అరుగు ఉన్న ముక్కనే చట్రం కట్టించుకుని తీసుకుపోయారు.

రెండేళ్ల తర్వాత పెత్రమాస నాడు ఏదో పని మీద వాళ్లింటికి వెళ్లాను. రత్నమ్మగారికి చూపు పూర్తిగా పోయింది. గోడ మీద ఆ పటానికి బంతిపూల దండ ఉంది. ఆవిడ దాని కింద కూర్చుని ఇంటి పిల్లలకు బజారు మొత్తం చెబుతున్నారు, పటంలో లేని టాంగాతో మొదలుపెట్టి, వరస తప్పకుండా. ఒక చిన్నవాడు "మరి ఆమె మొహం ఎట్లుంటది?" అని అడిగాడు.  "మొహం తెల్వదు బిడ్డా" అన్నారావిడ, వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. "గని ఆమె బుగులువడలె."

లతీఫ్ సాబ్ పోయి ఎనిమిదేళ్లవుతోంది. చివరిసారి ఆస్పత్రిలో చూశాను. మాట సన్నబడిపోయింది. నా చెయ్యి పట్టుకుని దీవించి దువా చదువుతారేమో అనుకున్నాను. "గా పిల్ల చేతిల ఏముండె బిడ్డా? బెల్లమా?" అని అడిగారు. అవును సాబ్, బెల్లమే అని ఉంటే ఆయనకు తృప్తిగా ఉండేదేమో. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "తెల్వదు సాబ్" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. "నాకు గూడ తెల్వదు" అన్నారు, ఇంకా చూడాల్సింది మిగిలి ఉందన్న ఆశతో.

ముఖం లేనిచోట ముఖం పెట్టమని ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంటారు. గీతలు, మడతలు, చెద తిన్న మరకలు ఎన్నైనా బాగుచేస్తాను. ఏమీ లేనిచోట మాత్రం చెయ్యి ఆపి, తెలియదంటాను. కొందరు నవ్వి పక్క దుకాణానికి పోతారు, మా ఆయన విసుక్కుంటాడు. రత్నమ్మగారి కార్డు స్కాన్ ఇంకా నా దగ్గరే ఉంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు తెరిచి, ఆ పిడికిలి మీదికి వెళ్లి కూర్చుంటాను. బెల్లం కాదని మాత్రం ఈమధ్యే తేలింది. పిడికిలి అడుగు నుంచి సన్నటి చుక్కల గీత ఒకటి కిందికి దిగుతోంది. ఏమిటో ఇంకా తెలియదు.